ఐదున్నర చీరల దూరం

డిగ్రీ రెండో ఏడాదిలో హిందూపురంలో కాలేజీల విలువిద్య పోటీకి పోయి, అందరికంటే చివర నిలిచి వచ్చాను. ఈ సంగతి ముందే చెప్పేయడం మేలు, ఆ తర్వాత చెప్పబోయేవన్నీ గొప్పలే కాబట్టి. ధర్మవరంలో మా ఇంటి వెనక సందులో, పది అడుగుల దూరంలో గోనెసంచి పెట్టి, వెదురు విల్లుతో కొట్టి కొట్టి నన్ను మించినవాళ్లు లేరనుకున్నాను. అక్కడ ముప్పై మీటర్ల గీత మీద నిలబెట్టేసరికి నా బాణాలు బోర్డుదాకా పోకుండా దారిలోనే నేలకు దిగాయి. పక్కనున్న అమ్మాయిలు నవ్వినా బాగుండేది, జాలిపడ్డారు. జాలి నాకు అస్సలు పడదు. తిరుగు బస్సులో సోమందేపల్లి దాటేదాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

మరుసటి ఏడాది పోటీ పెనుకొండలో అని తెలిసింది. కాలేజీ విద్యార్థిగా నాకు అదే ఆఖరి అవకాశం. మొదటి నలుగురిలో ఉంటే జిల్లా జట్టులోకి తీసుకుంటారు, లేకపోతే విల్లు అటక ఎక్కాల్సిందే. చదువు అయిపోయాక మగ్గమో ఉద్యోగమో మెడకు పడితే మళ్లీ దాన్ని దించే తీరిక నాకు దొరకదు.

ఊరి బయట తెలిసినవాళ్ల పొలం ఒకటి ఆ ఏడు బీడుగా ఉండింది. వానలు లేక వేరుశనగ వేయలేదు. అక్కడ బోర్డంత గోనెసంచి నిలబెట్టి, దాని మీద వలయాలు గీసుకొని సాధన మొదలుపెట్టాను. కాలేజీలో ఆటల సార్ ముందే ఒక మాట చెప్పారు. "ముప్పై మీటర్లే కొట్టమ్మా. వేరే దూరాల జోలికి పోవద్దు. టేపుతో సరిగ్గా కొలుచుకో."

టేపు మాట నాకు నచ్చలేదు. నేతగాళ్ల ఇంట్లో పుట్టిన పిల్లకు కొలతలు ఒకరు నేర్పాలా? మగ్గం మీద నుంచి అప్పుడే దించిన చీరను వసారాలో పరిచి, దాని పొడవుకు సరిగ్గా తాడు కోసుకున్నాను. చీర అంటే ఐదున్నర మీటర్లు. అలాంటివి ఐదున్నర అయితే ముప్పై మీటర్లు, ఇంకో జానెడు ఎక్కువ. లెక్క అంత బాగా కుదిరినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

అవ్వ నాకు తోడుగా వచ్చి తుమ్మచెట్టు నీడలో కూర్చునేది. నాలుగు రోజులు ఊరికే చూసింది, ఐదో రోజు నోరు తెరిచింది.

"పొద్దస్తమానం ఆడనే నిలబడి కొడ్తాండావు, ఎందుకు మే?"

"పోటీలో దూరం అంతే ఉంటాదవ్వా."

"మా నాయన కుందేళ్లకు విల్లు తీసుకొని పోతాండె. కుందేలు కొలత చూసుకొని నిలబడతాదా? దగ్గరుంటే ఒక తీరు, దూరముంటే ఒక తీరు. అన్నీ తెలిసుండల్ల."

వేట ఇప్పుడు నేరం కాబట్టి అవ్వ మాటను తేలిగ్గా కొట్టిపారేశాను. "ఈడ కుందేలు యాడుండాది? బోర్డుకు కాళ్లుంటాయా?"

"నీకు ఉండాయి కదా, నువ్వు కదులు."

ఆ మాటకు పుట్టిన ఉక్రోషంతోనే రెండు చీరల దూరానికి వచ్చి నిలబడ్డాను. అక్కడి నుంచి మూడు బాణాలూ నడి వలయాల్లో పడితేనే అర చీర వెనక్కి జరగాలని నియమం పెట్టుకున్నాను. ఒక్కటి తప్పినా మళ్లీ అక్కడే. వెదురు విల్లుకు గురి చూసుకునే పరికరం ఏదీ ఉండదు, బాణం మొన ఎక్కడ ఆనించాలో కన్నే నేర్చుకోవాలి. మూడు చీరలకు మొన నేల మీద, నాలుగున్నరకు సంచి కింది అంచున, ఐదుకు దానికి జానెడు పైన, ఐదున్నరకు నడి చుక్క మీద. వేళ్లు బొబ్బలెక్కాయి. నెల తిరిగేసరికి కళ్లు మూసుకొని అడిగినా ఏ దూరానికి ఎక్కడో చెప్పగలిగేదాన్ని.

పెనుకొండలో విడతకు మూడు బాణాల చొప్పున ఆరు విడతలు. మొదటి విడతలో మొనను నడి చుక్క మీద ఆనించి, కాలరెగరేసినంత ధీమాగా వదిలాను. మూడూ బోర్డు మీదుగా ఎగిరిపోయాయి. మూడు సున్నాలు.

"సార్, ఇది ముప్పైయేనా?" అని గీత వెనక నిలబడ్డ మా ఆటల సార్‌ని అడిగాను.

"టేపు పెట్టి కొలిచారమ్మా."

అప్పుడు వెలిగింది. మగ్గం దిగిన చీరకు జాకెట్టు పీసు అంటుకొని ఉంటుంది. ఐదున్నర మీటర్లు చీరకే, పీసు వేరే. నేను దాన్ని కూడా కలిపి తాడు కోశాను. నెల రోజులూ ముప్పై అనుకొని కొట్టింది దాదాపు ముప్పై ఐదు. నేతింటి పిల్లనని విర్రవీగినందుకు సిగ్గుతో చచ్చిపోయాను, కానీ చావడానికి అది సమయం కాదు. కంటికి ఆ బోర్డు ఐదు చీరలకు కాస్త ఇవతల కనబడింది. మొనను నాలుగున్నరకూ ఐదుకూ నడుమ ఆనించాను. బాణం ఎర్ర వలయంలో దిగింది. వెంట్రుకవాసి దించాను, నడిమి పసుపులో దిగింది. ఆ తర్వాత బోర్డు బయటికి పోయిన బాణం ఒక్కటి లేదు. ఒక్కొక్కటి దిగుతుంటే ఒళ్లంతా సంతోషం పొంగింది.

జాబితాలో నాది మూడో పేరు. సార్ నా దగ్గరికి వచ్చి, "చూశావా, ముప్పై మీటర్లే కొట్టమన్నందుకు ఎంత పనికొచ్చిందో" అన్నారు.

"ఆ ముప్పై మాత్రం కొట్టలేదు సార్. మిగతావన్నీ కొట్టినా."

ఆయనకు అది అర్థమయ్యేలోపు నేను జిల్లా జట్టు కాగితం మీద సంతకం పెట్టేశాను.