జయమణి వంట, ఆండాళమ్మ క్యారేజీ

నందిగామలో హైవే పక్కనున్న ఆ నలభై పడకల ఆసుపత్రిలో జయమణి పంతొమ్మిదేళ్లుగా వంట చేస్తోంది. పొద్దున్నే కీసర నుంచి మొదటి బస్సుకి వచ్చి పొయ్యి వెలిగిస్తుంది. ఎంతమంది డాక్టర్లు మారినా ఆవిడ చేతిలో గరిటె మారలేదు. మారిందల్లా గిన్నెలో ఉడికేదే.

ఆవిడ చేరిన కొత్తలో పెద్ద డాక్టరు ఉమాకాంతం గారిది ఒకటే మాట, లంఖణం పరమౌషధం. ఏ జబ్బుకైనా బ్రెడ్డూ పాలూ. కాస్త కోలుకుంటే ఇడ్లీ, ఆ పైన తెల్లన్నంలో చారు. తర్వాత గ్లూకోజు పొడి రోజులొచ్చాయి. ఆ తర్వాత ఓట్స్ వచ్చాయి. నెయ్యి విషమన్నారు, మళ్లీ కొన్నాళ్లకి నెయ్యే అమృతమన్నారు. వెర్రి వేయి విధాలంటారు గానీ తిండి వెర్రికి ఇంకో వంద కలుపుకోవాలి. జయమణి దేనికీ ఎదురు చెప్పలేదు. చెప్పినట్టే వండి పైకి పంపేది, పంపిందాంట్లో సగం మిగులు బకెట్టులో పడి కిందికి తిరిగొచ్చేది. రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే అన్న సామెత ఆ ఆసుపత్రిలో ఒక్క పూట కూడా నిజం కాలేదు. ఊళ్లనుంచి ఇంటి క్యారేజీలు వచ్చేవి, రోగులు అవే తినేవాళ్లు.

ఇప్పుడు ఆసుపత్రి ఉమాకాంతం గారి కొడుకు భార్గవ చేతికొచ్చింది. అతను విజయవాడ నుంచి నిఖిత అనే పాతికేళ్ల డైటీషియన్ని తీసుకొచ్చాడు. ఆ అమ్మాయి కిచెన్ గోడకి చార్టు అంటించింది. జొన్నరొట్టె, మొలకలు, ఉప్పు తక్కువగా ఉడికించిన కూరలు. చూసి జయమణి లోలోపల నవ్వుకుంది. చిన్నప్పుడు వాళ్లింట్లో రోజూ జొన్నలే, బియ్యం పండగ పూటే. ఇప్పటికీ తన మధ్యాహ్నం గిన్నెలో జొన్నన్నమే ఉంటుంది. ఎవరైనా చూస్తే చిన్నతనమని పొయ్యి వెనక కూర్చుని తినేది.

జొన్నరొట్టె పైఅంతస్తుకి చేరేసరికి అట్ట అయ్యేది. బకెట్టు ఇంకా నిండింది. పది రోజులు చూసి భార్గవ కిందికొచ్చాడు.

"ఆంటీ, మిగిలింది రోజూ తూచండి. ఇరవై కిలోలు పైనే ఉంటోంది. నెలాఖరుకి సగమన్నా తగ్గకపోతే కిచెన్ మూసేసి బయట క్యాటరింగ్ వాళ్లకి ఇచ్చేస్తా. తప్పదు."

జయమణి తలూపింది. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. దాన్ని మించిన బాధ ఇంకోటి ఉంది. పంతొమ్మిదేళ్లు తను వండింది మనుషులు తినదగ్గది కాదని తేలిపోతుంది కదా అని.

పైఅంతస్తు వార్డులో పెద్దనోరు దశరథరామయ్యది. జగ్గయ్యపేటలో నలభై ఏళ్లు కిరాణా కొట్టు నడిపిన మనిషి. సుగరు, కాలికి మానని పుండు. రొట్టె చూడగానే పక్కకి తోసేవాడు.

"మా కొట్లో జొన్నలు కోళ్లకీ పశువులకీ కొనుక్కెళ్లేవాళ్లమ్మా. డబ్బు కట్టి మరీ నాకు దాణా పెడతారా?"

ఆయన తోసేస్తే వార్డంతా తోసేసేది. మధ్యాహ్నం పన్నెండింటికి ఆయన భార్య ఆండాళమ్మ జగ్గయ్యపేట బస్సు దిగి నాలుగు గిన్నెల క్యారేజీతో వచ్చేది. సన్నన్నం, ముద్దపప్పు, ఆవకాయ, పైన నెయ్యి. సుగరు మూడొందల కిందికి దిగితే ఒట్టు.

ఒకరోజు నిఖిత మెట్ల దగ్గరే ఆవిడని ఆపింది. "అమ్మమ్మగారూ, పుండు మానట్లేదు. ఇలాగైతే కాలే తీసేయాల్సి రావచ్చు. మీరు తెచ్చే అన్నమే ఆయనకి చెరుపు చేస్తోంది."

ఆండాళమ్మ మెట్లెక్కకుండా వెనక్కి తిరిగింది. క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కిచెన్ గుమ్మంలో కూలబడింది. పెళ్లయిన నాటినుంచీ తను వండి పెట్టిందే ఆయన ఒంటికి పడట్లేదంటే ఏ ఇల్లాలికి మాత్రం కన్నీళ్లు ఆగుతాయి? సరిగ్గా అప్పుడే జయమణి తన గిన్నె మూత తీసింది. దంచి, చెరిగి వండిన జొన్నన్నం, గోంగూర పప్పు. వెల్లుల్లి తాలింపు వాసన గుమ్మం దాకా వచ్చింది.

"అది జొన్నన్నమా జయమణీ?"

జయమణి గిన్నె వెనక్కి జరిపింది. "అవునండి. నా కోసం తెచ్చుకున్నా."

"మాది వీరులపాడు. మా అమ్మమ్మ చేసేది. ఇలా పొడిపొడిగానే ఉండేది." ఆండాళమ్మ కళ్లు తుడుచుకుంది. క్యారేజీ విప్పి పైగిన్నె ఖాళీ చేసి ముందుకి చాపింది. "ఇందులో పెట్టు. నేనే వండానని చెప్తా."

జయమణికి చెయ్యాడలేదు. మా చేతి వంట మీ ఇంట్లో తింటారా అని అడగబోయి ఆగింది. చాపిన చెయ్యి ముడుచుకోలేదు కాబట్టి పెట్టింది. ఆండాళమ్మ మాత్రం ఒక్క మెతుకు నోట్లో వేసుకోకుండా మూత బిగించింది. అదీ జయమణి చూసింది.

పైన దశరథరామయ్య మొదటి ముద్దకే అనుమానంగా చూశాడు, రెండో ముద్దకి ఊరుకున్నాడు, మూడో ముద్దకి వార్డంతటికీ వినబడేలా మొదలెట్టాడు. "ఇంటి తిండంటే ఇదీ. జొన్నలైనా మా ఆవిడ చేతిలో పడితే దాని రుచే వేరు. ఆ కిందావిడకి ఎవరన్నా నేర్పండయ్యా."

కిందావిడకి ఆ మాట పది నిమిషాల్లో చేరింది. ఇన్నేళ్లలో తన వంటకి దక్కిన మొదటి మెప్పు అలా తిట్టు వేషంలో వచ్చింది. పొయ్యి ముందు నిలబడి తనివితీరా నవ్వుకుంది.

రోజూ ఆ క్యారేజీ అలాగే కిందనుంచి నిండి పైకి వెళ్లింది, నాలుగు రోజులకి సుగరు దిగడం మొదలెట్టింది. రిపోర్టు పట్టుకుని నిఖిత కిచెన్లోకి వచ్చి నిలదీస్తే జయమణి ఉన్నదంతా చెప్పేసింది. నిఖిత గోంగూర పప్పు ఒక చెంచా రుచి చూసింది, ఇంకో చెంచా పెట్టుకుంది. తర్వాత చార్టు గోడ మీంచి చింపేసింది.

"ఉప్పు నేను కొలిచి ఇస్తా. ఎవరికి ఏది పడదో చెప్తా. మిగతాదంతా మీ ఇష్టం ఆంటీ. అయినా తప్పు తిండిది ఒక్కదానిదే కాదు. గళ్ల పళ్లెంలో పెడితే మందులా చూస్తున్నారు."

మర్నాడే నలభై స్టీలు క్యారేజీలు కొనిపించింది. పన్నెండు కొట్టగానే మంచం మంచానికీ ఒక క్యారేజీ వెళ్లింది. మూత తీస్తే ఇంటి వాసన. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, అక్కడందరూ పక్క మంచం క్యారేజీలోకి తొంగిచూస్తూ తమది ఊడ్చేశారు. నెలాఖరున తూస్తే బకెట్టు ఆరు కిలోలు. భార్గవ తూకం ముల్లు వంక రెండుసార్లు చూసి, తనకీ ఒక క్యారేజీ పైకి పంపమన్నాడు. జయమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, సంతోషానికే.

పుండు తగ్గుముఖం పట్టి దశరథరామయ్య ఇంటికెళ్లాడు. పోతూ పోతూ, మా ఆవిడ వంట చూసే ఆసుపత్రి బాగుపడిందని అందరికీ చెప్పి మరీ పోయాడు.

వారం తిరక్కుండానే ఆండాళమ్మ మళ్లీ జగ్గయ్యపేట బస్సు దిగింది. చేతిలో క్యారేజీ ఊగుతోంది, ఖాళీది.

"ఏమైందండి అమ్మగారూ?"

"ఏం చెప్పను. ఆసుపత్రిలో ఉన్నప్పుడు వండినంత బాగా ఇంటి దగ్గర వండట్లేదంటున్నారు."

ఇద్దరూ గోడకి ఆనుకుని నవ్వారు. "నిజం చెప్పేద్దామాండి?" అంది జయమణి.

"కాలు పూర్తిగా మాననీ, చెప్తా. ఈలోపు నాకు నేర్పు." ఆండాళమ్మ చెప్పులు విప్పి లోపలికొచ్చి, పొయ్యి వెనక జయమణి ఎప్పుడూ కూర్చునే పీట మీద కూర్చుంది. "ముందు నాకు కాస్త పెట్టు. ఇన్నాళ్లు మోశాను గానీ ఎలా ఉంటుందో నాకు తెలీదు."

జయమణి కంచం రెండుసార్లు కడిగి, వేడివేడిగా వడ్డించింది. ఆండాళమ్మ తింది, మారు వడ్డించమంది, వేళ్లు నాకింది. కంచంలో మెతుకు మిగల్లేదు. ఆ రోజు బకెట్టు తూచడం జయమణి మర్చిపోయింది.