నేను స్టూడెంట్‌ని తాతా

నర్సింగ్ విద్యార్థుల పక్కన నిలబడి వార్డులో పని నేర్పే నర్సును ప్రిసెప్టర్ అంటారు. నన్ను ఆ పనిలో పెట్టినప్పుడు ఒక నిబంధనల పుస్తకం ఇచ్చారు. చేసేది విద్యార్థి అని రోగికి ముందే చెప్పాలి, ఒప్పుకుంటేనే చేయించాలి, విద్యార్థి చేయగా కళ్లారా చూసిన పనికే వాళ్ల లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాలి. తెలిసినవేగా అనుకుని పక్కన పడేశాను.

నాకు అప్పగించిన అమ్మాయిది నల్గొండ. తండ్రి ఉద్యోగం ఇక్కడ కోల్‌కతా శివారు న్యూ టౌన్‌లో. హౌరా దగ్గరి సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన నాకు కోల్‌కతా వార్డులో తెలుగు వినబడటమే సంబరం.

ఒక ఉదయం, ఓడరేవు డాక్‌లో పనిచేసి రిటైరైన శ్రీకాకుళం తాతకు సెలైన్ పెట్టాలి. వార్డు కిటకిటలాడుతోంది. "తాతా, ఈ నర్సమ్మ సూది పెడుతుంది" అనేసి అమ్మాయిని ముందుకు తోశాను.

తాత ఆమె ముఖంలోకి చూశాడు. "ఏటమ్మా, నువ్వు నర్సువేనా?"

అవునని చెప్పమన్నట్టు సైగ చేశాను. ఆమె తల దించుకుంది.

"కాదు తాతా, నేను స్టూడెంట్‌ని. ఇంకా నేర్చుకుంటున్న. అక్క పక్కనే ఉంటది."

తాత చెయ్యి దుప్పటి కిందికి లాక్కున్నాడు. "అయితే ఒద్దు. ఆవిడనే ఎయ్యమను."

అమ్మాయి మీద ఒళ్లు మండింది. నేనే సూది అందుకున్నాను. నరం జారిపోయింది. రెండోసారీ అంతే, పైగా చెయ్యి వాచింది.

"నువ్వూ స్టూడెంటువేనేటి?" అన్నాడు తాత.

సిగ్గుపడి సూది ట్రేలో పెట్టేశాను. అప్పుడా అమ్మాయి మంచం పక్కన వంగి, "నేను సూది పెట్టను తాతా. నరం ఎక్కడుందో చూస్త, అంతే" అంది. తాత రెండో చెయ్యి ఇచ్చాడు. ఆమె తొందరపడకుండా వేళ్లతో తడిమి, మణికట్టుకు పైన ఒకచోట ఆగింది. అక్కడ నేను పెడితే సూది ఒక్కసారికే దిగింది.

"ఈ గుంట నిజం సెప్పింది. అందుకే సెయ్యి ఇచ్చినాను" అన్నాడు తాత.

డ్యూటీ రూములో ఆమె లాగ్‌బుక్ తెరిచింది. "నరం నేనే చూపిన గదా అక్కా. సూది పెట్టినట్టు సంతకం చేస్తరా? లెక్కకు ఒక్కటే తక్కువైంది."

పొద్దుట చేసిన తప్పుకు అదే పరిహారమని ఒక్క క్షణం అనిపించింది. పెన్ను కూడా తీశాను, కానీ సూది పెట్టింది నేను. "లేదమ్మా. నరం గుర్తించావని రాస్తాను. నిన్ను అబద్ధం చెప్పమన్నాను చూడు, అది నా తప్పు. ఇంకో తప్పు చేయను." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పూటంతా నాతో సరిగా మాట్లాడలేదు.

మర్నాడు ఒక బెంగాలీ ఆవిడ మంచం దగ్గర నేనే ముందు నోరు విప్పాను. ఈమె స్టూడెంట్, నేను పక్కనే ఉంటాను, ఇష్టం లేకపోతే చెప్పండి అన్నాను. ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "జాగ్రత్తగా చెయ్యమనండి దీదీ" అంటూ చెయ్యి చాపింది. అమ్మాయి నరం తడిమి చూసుకుని పెట్టింది, సూది సరిగ్గానే దిగింది. అక్కడికక్కడే ఆమె లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాను.