రాసివ్వమన్నాను

రావికమతం రోడ్డులో చెరకు ట్రాక్టరును తప్పించబోయి మా ఆయన బండి మీంచి పడ్డారు. తొడ ఎముక విరిగింది. ఆయన గవర్నమెంటు టీచరు, ప్రభుత్వ హెల్త్ కార్డు ఉంది. నేను మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తాను. మా కంపెనీ గ్రూపు పాలసీలోనూ ఆయన పేరుంది. రెండుండగా భయమేమిటనుకుంటూ చోడవరం నుంచి విశాఖపట్నం తీసుకెళ్లాను.

ఆసుపత్రిలో ఇన్సూరెన్సు కౌంటరతను కాగితాలు చూసి, "కంపెనీ పాలసీ ఉంది కదా మేడం, ముందు అది వాడీండి. ఈ కార్డు మీద మేం సెయ్యం," అన్నాడు. పాలసీ వాళ్లకు ఫోన్ చేస్తే, "ప్రభుత్వ కార్డు ఉంటే ముందు అదే వాడాలండీ," అన్నారు. మధ్యాహ్నం దాకా ఇద్దరి మధ్యా తిరిగాను.

కాలికి బరువు వేలాడదీసుకుని పడుకున్న మా ఆయన, "ఎందుకే గొడవ? మనవే కట్టీద్దాం," అన్నారు.

"కట్టను. నెలనెలా మీ జీతంలో కోస్తన్నారు, నా జీతంలోనూ కోస్తన్నారు. అప్పుడెవరైనా ముందు మీరా మేమా అని అడిగేరేటి?"

మా ల్యాబ్‌లో కాగితం మీద లేనిది జరగనట్టే. ఆ అలవాటే నన్ను కౌంటరు ముందు నిలబెట్టింది. తెల్లకాగితం అతని ముందు పెట్టాను.

"ఈ కార్డు మీద ఆపరేషన్ 'చెయ్యం' అని రాసి, సంతకం పెట్టండి."

"అలా రాయకూడదు మేడం."

"రాయకూడని మాట నోటితో ఎలా సెప్పేరు బాబూ?"

అతను ముఖం తిప్పుకున్నాడు. నా వెనక లైన్లో ఉన్న మాడుగుల ఆవిడ ముందుకొచ్చి, "నాకూ ఓ కాగితం ఇయ్యమ్మా, నన్నూ నిన్నట్నించి తిప్పుతున్నారు," అంది. ఇచ్చాను. ఇద్దరం కదల్లేదు.

అతను లేచి లోపలికెళ్లి పైఅధికారిని తీసుకొచ్చాడు. ఆయన ఇద్దరి కేసు కాగితాలూ తీసుకుని అనుమతికి పంపించారు. సాయంత్రానికి కార్డు మీద మా అనుమతి వచ్చింది. మర్నాడు ఆపరేషన్ అయింది.

అక్కడితో ఊరుకోలేదు. కార్డులోకి రాని ఫిజియోథెరపీ ఖర్చుకు, ఆసుపత్రి ముద్ర వేసిన బిల్లుల నకళ్లు జతచేసి కంపెనీ పాలసీకి క్లెయిమ్ పెట్టాను. ఒకసారి కార్డు వాడేశారు కాబట్టి కుదరదన్నారు. ఏ నిబంధన ప్రకారమో చూపించమని రాశాను. మూడో ఉత్తరానికి డబ్బు ఇచ్చారు.

మా ఆయన కొంచెం కుంటుతూనే బడికి వెళ్తున్నారు. "పోన్లే, ఆఖరికి దయ తలిచేరు," అంటుంటారు. దయ అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.