వెనక ఎవరో వస్తున్నారని

ఆ రోజు షికాగో వెళ్లే ట్రెయిన్‌లో నా పక్కన ఒక అమెరికన్ పెద్దాయన కూర్చున్నాడు. ఏం చేస్తావని అడిగితే, నోవై అనే ఊళ్లో కార్లకి సాఫ్ట్‌వేర్ రాస్తానన్నాను. వెనక నుంచి ఏదైనా బండి దాటబోతుంటే సైడ్ మిర్రర్‌లో చిన్న లైటు వెలుగుతుందే, అదే మా టీమ్ పని.

"మా కార్లో ఆ పని నా భార్య చేసేది," అన్నాడు.

తాతగారి ఫ్యాక్టరీల ఆస్తి చేతికి రాగానే, రేసులు మొదలైన రోజుల నాటి కార్లు కొని, వాటితోనే పాతకార్ల పందేలకి వెళ్లేవాడట. ఆ కార్లకి తలుపుల్లేవు, మిర్రర్లూ లేవు. ఆవిడ పక్క సీట్లో కూర్చుని, ఇంజన్‌కి ఆయిల్ అందేలా చేత్తో పంపు కొడుతూ వెనక్కి చూస్తుండేది. ఇంజన్ హోరులో మాట వినపడదు కాబట్టి, ఎవరైనా దగ్గరికొస్తే ఆయన భుజం మీద తట్టేది. ఆయన పక్కకి జరిగి దారిచ్చేవాడు.

"నేనెప్పుడూ వెనక్కి తిరిగి చూడలేదు. ఆ అవసరమే రాలేదు."

ఆవిడ పోయాక మళ్లీ స్టీరింగ్ పట్టుకోలేదట. "సారీ" అన్నాను.

స్టేషన్ వచ్చింది. సీట్ల మధ్య దారిలో ఆయన నా ముందు నెమ్మదిగా నడుస్తున్నాడు. నా వెనక ఒకమ్మాయి పెద్ద సూట్‌కేసుతో తొందరపడుతోంది. ఆలోచించకుండానే ఆయన భుజం మీద తట్టాను.

తిరిగి చూడకుండానే ఆయన చటుక్కున పక్కకి జరిగాడు. నేనూ జరిగాను. అమ్మాయి వెళ్లిపోయింది. మిగతావాళ్లూ దిగిపోయారు. ఆయన మాత్రం అలాగే నిలబడ్డాడు, వెనక్కి తిరగకుండా.

నేనూ ఆయన వెనకే ఉండిపోయాను. ముందుకెళ్తే, తట్టింది నేనని తెలిసిపోతుంది.