పెనుకొండ మలుపులో మేస్త్రీ సంతకం

మా వీధి అమ్మవారికి ధర్మవరంలో నేయించిన మొక్కుబడి చీర తెచ్చుకోవడానికి ఉదయం ఏడుంపావుకు హిందూపురంలో ప్యాసింజరు ఎక్కాను. అరగంట ముందే వస్తే కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. నాకూ దొరికింది. ఎదుటి సీటు పెద్దాయన ఉడికించిన చెనక్కాయలు పెట్టాడు, నేను పులిహోర పెట్టాను. ఆ పూట బాగా గడిచినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఎనిమిదీ పదికి పెనుకొండ చేరాం. తొమ్మిదైనా సిగ్నల్ పడలేదు. దిగి ప్లాట్‌ఫాం చివరికి నడిస్తే, పట్టాలు బాగుచేసే నారింజ రంగు చొక్కాల గ్యాంగువాళ్లు చెట్టు కింద కూర్చుని ఉన్నారు. కాస్త దూరంలో, పట్టాల మీద ఎవరో కొత్త మనుషులు పారలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

గ్యాంగులో పనిచేసే ఓబుళమ్మ నాకు చోటిచ్చి సంగతి చెప్పింది. స్టేషను దాటాక వచ్చే మలుపులో కంకర సర్దే పని ఏళ్లుగా వీళ్లదే. ఈసారి కాంట్రాక్టరు ఉత్తరాది కూలీలను తెచ్చి చేయించాడు. దారి బాగుందని రిజిస్టరులో సంతకం మాత్రం గ్యాంగు మేస్త్రీ రామాంజి పెట్టాలి. ఆయన పెట్టనన్నాడు. పెట్టకపోతే దూరపు సెక్షనుకు పంపిస్తామని ఇంజనీరు చెప్పాడు. మేస్త్రీ భార్యకు చూపు లేదు, పొద్దున్నే సంగటి చేసి ఆమెకు పెట్టి డ్యూటీకి వచ్చే మనిషి ఆయన.

“రేపు బండి పట్టాలు తప్పితే కాంట్రాక్టరు యాడుంటాడమ్మా? మేస్త్రీ పేరే ఉంటాది ఆడ” అంది ఓబుళమ్మ.

ఇంజనీరు వాచీ చూసుకుంటూ వచ్చాడు. “ఏమప్పా రామాంజీ, బండి నిండా జనం ఉండారు. నీ పంతం వాళ్ల మీదనా?”

“వాళ్లు ఉండారనే సార్. తట్టి చూడందే సంతకం పెట్టను.”

ఇంజనీరు గంట టైమిచ్చాడు. తట్టి చూడడమంటే ఏమిటో అప్పుడు చూశాను. కర్ర చివర కొయ్యగుండు ఉంటుంది. పట్టాల కింద అడ్డంగా ఉండే ఒక్కో స్లీపరు మీద దాన్ని వేస్తూ, చెవి ఒగ్గి వింటూ నడవాలి. డొల్లగా మోగితే కింద కంకర గట్టిపడలేదన్నమాట. అక్కడ సుద్దతో గీత పెడతారు.

కూలీల పెద్ద ముఖం ముడుచుకున్నాడు. తమకిచ్చిన వ్యవధి చాలలేదని అతనంటే, టీ అమ్మే ఖాదర్ అది మాకు తెలుగులో చెప్పాడు. రామాంజి కర్ర అతని చేతికే ఇచ్చాడు. అతను రెండు స్లీపర్లు తట్టాడు. మూడోదాని దగ్గర ఆగి, తనే వంగి గీత పెట్టాడు.

గీతలున్నచోటల్లా కూలీలు మళ్లీ కంకర కూరారు. గ్యాంగులో ఓబుళమ్మ ఒక్కతే వెళ్లి ఎలా కూరాలో చూపించింది. “దుడ్లు ఎవరిస్తారక్కా, కాంట్రాక్టరా?” అని చెట్టు కింది గ్యాంగులోంచి ఒకడు దెప్పాడు. ఆమె తిరిగి చూడలేదు.

గంటలో మలుపు సగమే అయింది. రామాంజి ఆ సగానికి సంతకం పెట్టి, మిగతాదానికి ఎదురుగా ‘నేను చూడలేదు’ అని రాశాడు. అందుకని ఆ మిగతా సగంలో బళ్లన్నీ మనిషి నడకతో పోవాలి. పదకొండుకు కదిలాం. మేస్త్రీ పట్టాల పక్కనే నిలబడి చివరి పెట్టె దాటేదాకా చక్రాలనే చూస్తున్నాడు.

ధర్మవరంలో స్టేషను దగ్గరే హోటల్లో భోజనం బాగుంది. నేతగాళ్లింట్లో చీర చూసుకుని, సత్రంలో ఆ రాత్రి ఉండి, మర్నాడు మధ్యాహ్నం రెండింటి బండికి తిరుగు ప్రయాణమయ్యాను. పెనుకొండకు ముందు ఆ మలుపులో బండి అలాగే నిదానించింది. పక్కావిడ విసుక్కుంది.

స్టేషన్లో ఓబుళమ్మ కనిపిస్తే కిటికీలోంచి పిలిచాను. మేస్త్రీకి బదిలీ ఉత్తర్వు వచ్చేసిందట, పొద్దున్నే వెళ్లిపోయాడట. మరి ఆయన భార్య అని అడిగాను.

“ఆయప్ప ఎంబడే పోయింది, చెయ్యి పట్టుకొని.”

మిగతా సగానికి ఎవరు సంతకం పెట్టారని అడిగాను.

“తట్టేదానికి టైమియ్యలేదు. ఒక్కొక్కరినే పిలిచి పెట్టమన్నారు. మేస్త్రీ రాసిందాని కిందనే మేమూ అదే రాసినాము, అందరమూ. నన్ను దెప్పినోడు గూడా.”

హిందూపురం నలభై నిమిషాలు ఆలస్యంగా చేరాం. ఈ దారిన వెళ్లేవారు ఆ మేరకు సమయం చూసుకోవాలి. ఆ ఆలస్యం ఎవరు ఇచ్చిందో నాకు తెలుసు. చీర మూట ఒళ్లో పెట్టుకుని వాళ్లందరి కోసం ఒక దండం పెట్టుకుని దిగాను.