బోర్లించిన వాచీ

ఎదుటి మనిషి నోరు విప్పబోతుంటే ఆమె చేతి వాచీ తీసి బల్ల మీద బోర్లిస్తుంది. టైము చూసేవాళ్ళ ముందు ఎవరూ మనసు విప్పరని ఆమె నమ్మకం. ఆ తరువాత ఆమెకు ఒకటే పని. ఊఁ కొట్టడం. ఇంట్లో ఆమె పేరు ఊఁకొట్టమ్మ. పెట్టింది వదిన.

ఆమె చరిత్రలో డాక్టరేట్ చేసింది. మూతపడిన టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఒకప్పుడు చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, ఊళ్ళను ఊళ్ళతో కలిపిన ఆడవాళ్ళ జ్ఞాపకాలను రికార్డు చేయాలని ఆమె తపన. వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. పని సాగాలంటే పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ రావాలి. డాక్టరేట్ వచ్చిన ఐదేళ్ళ లోపే అర్హత. ఆమెకు ఇది ఆఖరి ఏడాది. ఇంతకు ముందు అడిగిన ప్రతిచోటా లేదన్నారు.

ఇంటర్వ్యూకు బయల్దేరుతుంటే అన్నయ్య గుమ్మం దాకా వచ్చాడు.

"కోచింగ్ సెంటర్ వాళ్ళకి ఇంకెంతకాలం సర్దిచెప్పను? ఈసారి రాకపోతే అక్కడ పాఠాలు చెప్పడానికి చేరిపో తల్లీ."

"అలాగే అన్నయ్యా."

"అక్కడైనా నోరు విప్పు," అంది వదిన వంటింట్లోంచి. "మౌనవ్రతం పట్టి రాకు."

ఇంటర్వ్యూ గదిలో పొడుగాటి బల్ల. అవతల నలుగురు. మధ్యలో కూర్చున్న అధ్యక్షురాలు ఆమె పరిశోధనా పద్ధతి ఏమిటని అడిగింది. జవాబు అద్దం ముందు వల్లెవేసుకున్నదే. మొదలుపెట్టబోయింది. చివర్న ఉన్న అర్థశాస్త్రం ప్రొఫెసర్ అడ్డుపడ్డాడు.

"ఒక్క మాట. ఇవన్నీ ఊసుపోని కబుర్లు కదా? మా పిన్నీ ఆపరేటరే. ఆవిడ దగ్గర ఏం చరిత్ర ఉంది? ఇంట్లో ఫోన్ మోగితే ఎత్తేది కాదు, అంతే."

ఆమె చేయి తనంతట తానే కదిలింది. వాచీ బల్ల మీద బోర్లా పడుకుంది.

"మోగితే ఏం చేసేవారు?"

"బాల్కనీలోకి వెళ్ళిపోయేది."

"ఊఁ."

"మేం నవ్వేవాళ్ళం. ఫోన్ ఆఫీసులో పనిచేస్తూ ఫోనంటే భయమేంటని."

అతను ఆగాడు. ఆమె ఆ ఖాళీని నింపలేదు.

"ఒకసారి ఎవరికో చావు కబురు కలిపిందట. అవతల ఏడుపు. తీగ లాగేసి, పక్క కాల్‌కి అదే మామూలు గొంతుతో నంబరు అడిగిందట. గొంతు వణికితే ఆ రోజు పని పోయేదట." అతను కళ్ళజోడు తీశాడు. "రోజూ అదే గొంతు. ఇంటికొచ్చి బాల్కనీలో నిలబడేది. మేం నవ్వేవాళ్ళం."

"ఊఁ."

టైమైపోయిందని అధ్యక్షురాలు నెమ్మదిగా చెప్పింది. వాచీ పెట్టుకుంటుంటే అప్పుడు తట్టింది, పద్ధతి గురించి ఒక్క ముక్కా చెప్పలేదని.

"ఏం అడిగారు?" అంది వదిన, ఆమె ఇంటికి రాగానే.

"నేనే అడిగాను."

వదిన గరిటె పక్కన పెట్టింది. "ఏమండీ, ఫెలోషిప్ ఇచ్చేవాళ్ళనే ఇంటర్వ్యూ చేసొచ్చింది మీ చెల్లెలు."

ఫలితం చెప్పే శుక్రవారం దాకా ఆగుదామన్నాడు అన్నయ్య. ఆ మాటలో ఆశ లేదు.

శుక్రవారం సాయంత్రం అధ్యక్షురాలు ఫోన్ చేసింది.

"మీ పద్ధతి ఏంటని అడిగాం. మీరు చెప్పలేదు."

"తప్పయింది మేడం."

"చెప్పాల్సిన అవసరం లేకపోయింది, మా ముందే చేసి చూపించారు. తన పిన్నిగారి మాట వచ్చిందని ప్రొఫెసర్ గారు ఓటు వేయకుండా తప్పుకున్నారు. మిగతా ముగ్గురిదీ ఒకటే మాట. ఫెలోషిప్ మీకే. రెండేళ్ళు."

ఆమె ఊఁ అంది.

ఆమె ముఖం చూసి వదిన పొయ్యి ఆపేసింది.

"వచ్చింది వదినా."

"రెండేళ్ళు ఊఁ కొట్టినందుకు జీతమా?"

"అవును."

"పెళ్ళయిన నాటినుంచీ మీ అన్నయ్యకి ఊఁ కొడుతున్నాను. ఒక్క పైసా రాల్చినవాడు లేడు."

అంటూనే ఆడపడుచు తలను గుండెకు హత్తుకుంది. అన్నయ్య అప్పటికే కోచింగ్ సెంటర్‌కి ఫోన్ చేస్తున్నాడు. వీధి చివరికి వినపడేంత గొంతు.

"మా చెల్లెలు రాదండీ. రెండేళ్ళ దాకా దానికి తీరిక లేదు."

మర్నాడు పొద్దున రికార్డర్ సంచిలో వేసుకుని ఆమె మెట్లు దిగింది. ఎక్స్చేంజిలో సూపర్‌వైజరుగా చేసిన పెద్దావిడ ఇంటికి.

"వాచీ మర్చిపోయావే," అని పైనుంచి వదిన కేకేసింది.

"మర్చిపోలేదు వదినా," అని చెయ్యి ఊపి ఆమె వీధి చివర బస్సు ఎక్కింది.