సమాధానం అనే మాట

గాజా స్టేషన్‌లో రైలు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. పళ్ళ మధ్య ఇసుక. చిన్నప్పుడు బైబిలు పాఠాల్లో యుద్ధాల ఊరుగా విన్న పేరు అది. పందొమ్మిది వందల అరవై ఆరు చివర. చేతికి తుపాకి ఇచ్చారు, తలకు నీలం టోపీ పెట్టారు. రెండు సైన్యాల మధ్య నిలబడడానికి అనేక దేశాలు కలిసి పంపిన దళంలో మన దేశం వాటా మేము. ఆజ్ఞ ఒక్కటే: మీమీద కాల్చితే తప్ప కాల్చకూడదు.

సరిహద్దు అంటే మోకాలి లోతు కందకం. దాని అంచుదాకా బార్లీ చేలు. దళం రాకముందు రైతులు అక్కడ నాగలి పట్టడానికి భయపడేవారట.

మా పోస్టులో వైర్‌లెస్ ఆపరేటర్‌ది అల్లూరు దగ్గర పట్టపుపాళెం. చేపల వేట కుటుంబం. నాది కావలి, మా నాన్న అక్కడి చర్చిలో సంఘపెద్ద. మొదటి సాయంత్రమే వాడు సముద్రంకేసి చూసి నవ్వాడు.

"ఏందన్నా ఇది, పొద్దు నీళ్ళల్లోకి దిగతా ఉండాది. మన కాడ నీళ్ళల్లోంచి గదా లేసేది."

కాపలాకు పోయేముందు మోకరించి, ఇరుపక్కలకూ సమాధానం దయచేయమని దేవుణ్ణి అడిగేవాణ్ణి. మా సంఘంలో శాంతికి అదే మాట. వాడికది వింత.

"రోజూ సమాధానం సమాధానం అంటుండావే. ముందు ప్రశ్న ఎవురడిగినారన్నా?"

"బయల్దేరేటప్పుడు మీ అమ్మ అడగలేదా?"

"అడిగింది. యుద్ధానికి పోతుండావా అనింది. కాదమ్మా, యుద్ధం రానీకుండా కాపలాకి అని చెప్పినా. ఆ పనికి తుపాకెందుకురా అనింది."

ఆ తర్వాత గంటగంటకూ సెట్‌లో హిందీలో "అంతా ప్రశాంతం" అని చెప్పి, నావైపు తిరిగేవాడు. "సమాధానం, అన్నా."

మే నెలలో, అక్కడి ప్రభుత్వం దళాన్ని వెళ్ళిపొమ్మనడంతో, ఆజ్ఞ మారింది. పోస్టులు ఖాళీ చేసి శిబిరం చేరండి, ఓడ వస్తుంది. బార్లీ కోతలు సాగుతున్నాయి. ఒక ముసలి రైతు మా జీపుకు అడ్డం నిలబడి, కొడవలితో కందకం చూపించి ఏదో అడిగాడు. ఆ భాష మాకు రాదు. అడిగింది అర్థమైంది.

ఓడ రాకముందే, జూన్‌లో ఒక ఉదయం, యుద్ధం వచ్చింది. నీలం టోపీలు ఎవరికీ కనబడలేదు. శిబిరంమీద ఫిరంగి గుండ్లు పడుతుంటే వాడు నా పక్కనే సెట్‌మీద వంగి, "మేము శాంతిదళం, ఆపమని చెప్పండి" అని అరుస్తున్నాడు. మాట మధ్యలో పోయాడు. తుపాకి వీపునే ఉంది. ఒక్క తూటా కాల్చలేదు.

ఊరికి రాగానే పట్టపుపాళెం వెళ్ళాను. వాళ్ళమ్మ ఇసుకలో కూర్చుని చినిగిన వల అల్లుతోంది. తలెత్తలేదు.

"నలుగురూ వచ్చి అడగతుండారు నాయనా. ఏ యుద్ధంలో పోయినాడు, గెలిచినామా, ఓడినామా అని. నేనేం సమాధానం చెప్పేది?"

"వాడు కాపలా ఉన్నన్నాళ్ళూ మా పోస్టు ముందు ఏ తల్లి బిడ్డా చావలేదమ్మా."

ఆమె చేతులు వలమీద ఆగాయి.

"ఆ తల్లులకి తెలుసునా?"

తెలియదు. వాళ్ళకు తెలిసింది పంట ఇంటికి చేరడం ఒక్కటే. పరాయి చేలో కోత సాగడానికి బిడ్డల్ని పంపిన నాడు నా దేశం ఏ గెలుపులోనూ లేనంత ఎత్తున నిలబడింది. ఇది నేను దేవుని ఎదుట నమ్ముతాను. ఆమెకు మాత్రం చెప్పలేకపోయాను.

ఆదివారం ఆరాధన ముగిశాక సంఘమంతా చేయి కలుపుతూ ఒకరికొకరు సమాధానం చెప్పుకుంటారు. నేనూ చెబుతాను. చెప్పిన ప్రతిసారీ, వలమీద ఆగిన ఆ చేతులు కళ్ళముందుకొస్తాయి. అవి ఇంకా కదలవు.